వెచ్చటి గోడకు వేయి వందనాలు

గోడ కాలే ఇల్లు దొరికితే వెంటనే కిరాయికి దిగండి. ఆలస్యం చేయకండి!

అనుభవంతో చెబుతున్నాను. పినపాకలో మేముంటున్న ఇంట్లో కిరాయి పోర్షన్లు నాలుగు. నాలుగింటి కరెంటు తీగలూ మా గది గోడలో దాగిన ఒకే ఒక్క పైపులోంచి పోతాయి. మొత్తం పన్నెండు తీగలు. అందరూ హీటర్లు, ఇస్త్రీ పెట్టెలు, మిక్సీలు ఒకేసారి వేశారంటే ఆ గోడ మీద అరచేయి ఆనించలేం.

ఇంత సౌకర్యం ఏ స్టార్ హోటల్లో ఉంది?

మొన్న జూలైలో గోదావరి మీద ముసురు పట్టి వారం రోజులు వదల్లేదు. ఊరంతా తడి బట్టలతో తిరిగింది. మా లుంగీలు గంటలో ఆరాయి. పాలు తోడుపెట్టి గోడ వారగా ఉంచితే టీవీ సీరియల్ అయిపోయేలోపు పెరుగు! పక్కింటి పిల్లి కాపురం మా ఇంటికి మార్చేసింది. పిల్లికి తెలియని సుఖం ఉంటుందా?

అందరికన్నా లాభపడింది మా అత్త ఇన్నమ్మ. ఆవిడది నడుం నొప్పి. మంచం ఆ గోడ పక్కనే; గదిలో ఇంకెక్కడా పట్టదు. "దవాఖానాల కాపడానికి గంట కూసోబెడతరు. మా ఇంట్ల గోడే పెడతది" అని చర్చిలో చెప్పి వచ్చింది. మరుసటి ఆదివారం ఐదుగురు ఆడవాళ్లు వచ్చి వరసగా వీపులు ఆనించి కూర్చున్నారు.

ఇంత ఆనందంలోకి వైర్‌మన్ ఆదాము దిగాడు. ఫ్యాన్ రెగ్యులేటర్ మార్చడానికి వచ్చినవాడు గోడ మీద చెయ్యి వేశాడు. తీసేశాడు. అడక్కుండానే అత్త మంచాన్ని మూరెడు ఇవతలికి లాగాడు.

"ఏంది ఆదాము, నా మంచం గుంజుతున్నవ్?"

"లోపల తీగలు ఉడుకుతున్నయ్ పెద్దమ్మా. వాటి మీది తొడుగు కరిగితే అంటుకుంటది. మంట ముందుగాల నీ దుప్పటికే వస్తది."

ఇంటి ఓనరు పిచ్చయ్యగారు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ మిరప వేసిన రైతు. ఇదే ఇంటి ముందు భాగంలో ఉంటారు. సంగతి విని సాక్ష్యంతో సహా వచ్చారు. తీగల చుట్ట మీది అట్టను పాలిథీన్ కవర్లో దాచుకున్నారాయన.

"ఇదిగో చూడు. పదమూడు ఆంపియర్లని అచ్చేసి ఉంది. కంపెనీవాడికంటే నీకెక్కువ తెలుసా?"

"అవ్ సార్, తీగ ఒక్కటే గాలికి ఉంటే ఆ లెక్క. పన్నెండు ఒక్క పైపుల కుక్కితే ఒకదాని వేడి ఇంకోదానికి తగుల్తది. సగమే మొయ్యాలె. లావు తీగలన్నా వెయ్యాలె, ఇంకో పైపన్నా దించాలె."

"లప్పం పెట్టి రంగులేయించానయ్యా. ఇప్పుడు గోడ పగలగొట్టనా?"

న్యాయమే కదా! మణుగూరు జీపులో ఇరవై మంది ఎక్కుతారు. చెమట పడుతుంది, అంతేగా? తీగకు చెమటైనా పట్టదు. మరి దానికేం బాధ?

ఆదాము వెళ్లిపోయాడు. మంచం మళ్లీ గోడ పక్కకు చేరింది. అత్తకు మాత్రం నిద్ర పట్టడం మానేసింది. గంటకోసారి గోడ తడిమి చూసుకునేది.

వారం తర్వాత మిరప బస్తా ఎత్తబోయి పిచ్చయ్యగారికి నడుం పట్టేసింది. తిన్నగా మా గదికొచ్చి గోడకు వీపు ఆనించి కళ్లు మూసుకున్నారు.

"సారూ, గింత సుఖంగుంటే మీ మంచం ఈడ ఏసుకోరాదు?" అంది అత్త. "నాది మీ గదిల ఏసుకుంట. రాత్రంత కాపడమే మీకు."

ఆయన వీపు ఠక్కున గోడను వదిలింది.

"ఈ గోడ పక్కన ఎవడన్నా నిద్రపోతాడా? మా పోర్షనుకి విడిగా పైపు వేయించుకుంది ఎందుకనుకున్నారు?"

గదిలో పిల్లి ఒక్కటే ఆయన వైపు చూడలేదు.

పాఠకులారా, నా సిద్ధాంతం మారలేదు. వెచ్చటి గోడ వరమే. పిచ్చయ్యగారు వద్దనుకున్న వరం మాకెందుకని మాత్రం అనిపించింది. ఆ సాయంత్రమే అత్త మంచాన్ని మోసుకెళ్లి ఆయన గుమ్మానికి అడ్డంగా వేశాం.

"రెండో పైపు దిగినంక లేస్త" అని అత్త దుప్పటి కప్పుకుంది.

తెల్లారింది. తోటకు నీళ్లు పెట్టాలి. పట్టేసిన నడుంతో మంచం దాటలేక, పిచ్చయ్యగారు తలుపు సందులోంచి ఆదాము సెల్ నంబరు అడిగారు. రాసుకోవడానికి కాగితం దొరక్క, కవర్లోంచి ఆ అట్ట తీసి వెనక్కి తిప్పారు.