మెట్లెక్కితే ర్యాంపు

కొండమీది పాతకోటను చక్రాల కుర్చీలో వచ్చే యాత్రికులకు సంపూర్ణంగా అందుబాటులోకి తెచ్చినట్టు కోట సంరక్షణ కార్యాలయం సంతోషంగా ప్రకటించింది. కిందినుంచి పైదాకా ఉన్న నూటపన్నెండు మెట్లను ముట్టుకుంటే చరిత్రకు అపచారం కనుక, ర్యాంపును మెట్లన్నీ అయిపోయాక పైన కట్టారు. చక్కటి ర్యాంపు. వాలు కొలతలో వెంట్రుకవాసి తేడా లేదు.

దాన్ని ప్రారంభించడానికి పక్క ఊరినుంచి ఒక రిటైర్డ్ ప్రూఫ్ రీడర్‌ను పిలిపించారు. ఇరవై ఏళ్లుగా చక్రాల కుర్చీలో తిరుగుతున్నవాడు. ముక్కుసూటి మనిషని పేరు. ఆ పేరును ఎక్కువగా ఆయనే ప్రచారం చేశాడు.

హోటల్లో ఆయనకు ప్రత్యేక గది ఇచ్చారు. స్నానాలగదిలో పట్టుకోవడానికి గోడలకు మెరిసే కమ్మీలు. దాని తలుపు మాత్రం కుర్చీకన్నా రెండంగుళాలు ఇరుకు.

"కమ్మీలు బావున్నాయా సార్?" అడిగాడు మేనేజరు.

"ఇక్కణ్ణుంచి చూడ్డానికి బావున్నాయి."

మేనేజరు దాన్ని అభిప్రాయాల పుస్తకంలో రాసుకున్నాడు.

భార్య తడిగుడ్డతో వీపు తుడుస్తుంటే ఆయన పళ్లు నూరాడు. "రేపు మైకు చేతికి రానీ. ఒక్కొక్కణ్ణీ కడిగేస్తాను."

"ముందు మిమ్మల్ని కడగనివ్వండి, కదలకండి," అంది ఆవిడ.

మర్నాడు నలుగురు ఉద్యోగులు కుర్చీతో సహా ఆయన్ని భుజాలకెత్తుకున్నారు. నలుగురు మోసే యోగం బతికుండగానే పట్టినందుకు ఆయన మండిపడ్డాడు. అరవయ్యో మెట్టు దగ్గర కోపం తారస్థాయికి చేరింది. నూటపన్నెండో మెట్టు దగ్గర తల తిప్పి చూశాడు.

ఆ కోట గురించిన పుస్తకానికి ఏడు ముద్రణలూ ప్రూఫులు దిద్దింది ఆయనే. 'పైనుంచి నది రెండు పాయలుగా కనిపించును' అన్న వాక్యాన్ని ఏడుసార్లూ అచ్చుతప్పు లేకుండా చూశాడు. పైనుంచి నదినెప్పుడూ చూడలేదు. ఇప్పుడు ఎదురుగా రెండు పాయలు, నడుమ పచ్చటి లంక. తెచ్చుకున్న కోపం ఎక్కడ పెట్టాడో వెతికినా దొరకలేదు.

"ఈ మహనీయుడి సంకల్పబలం ముందు మెట్లు ఓడిపోయాయి!" అని అధికారి మైకులో గర్జించాడు. వెనకాల గోడకానుకుని ఆ సంకల్పబలం తాలూకు నలుగురూ రొప్పుతున్నారు.

మైకు చేతికొచ్చింది. "మనసుండాలే గానీ, కొండయినా వంగి దారిస్తుంది," అన్నాడు మన ముక్కుసూటి మనిషి. చప్పట్లు మోగాయి. భార్య మాత్రం ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూసింది.

తర్వాత ధ్రువపత్రం ముందు పెట్టారు. 'ఎవరి సాయమూ లేకుండా కోటంతా సులబంగా తిరిగాను' అని ఉంది. ఆయన కళ్లజోడు సవరించుకుని 'సులబంగా'లో బకు వత్తు పెట్టాడు. సంతకం చేశాడు.

ఆయన్ని కిందికి దింపేలోపే దాని నకలు గేటుకు అంటించేశారు. పేపర్లో ప్రకటన చూసి, రెండు బస్సులు మారి వచ్చిన ఒక దర్జీ అక్కడే ఉంది. ఆమె చక్రాల కుర్చీని వాళ్లన్నయ్య పట్టుకుని నిలబడ్డాడు.

"ర్యాంపెక్కడండీ?" అని కిందికి దిగిన ఆయన్ని అడిగింది.

"పైనుందమ్మా."

"పైకెలా వెళ్లాలి?"

"నన్నయితే మోశారు."

"మరి ఎవరి సాయమూ అక్కర్లేదని అంటించారే! ఏ పెద్దమనిషి పెట్టాడో ఈ సంతకం, దొరికితే..."

అబద్ధం ఆడదామనే అనుకున్నాడు. పక్కన భార్య ఉంది. "నేనేనమ్మా," అన్నాడు తల దించుకుని.

"అంతా తెలిసిన మీరే ఇలా రాసిస్తే, ఇక మా మొహం చూసేదెవరండీ?" అని ఆమె ఉన్నమాట మొహంమీదే అనేసింది. అన్నయ్య కుర్చీని వెనక్కి తిప్పబోయాడు. ఆమె చక్రం మీద చెయ్యేసి ఆపింది. తలెత్తి కోటవైపు చూసింది.

"పైనుంచి నది కనిపిస్తుందా?"

"కనిపిస్తుందమ్మా. రెండు పాయలూ."

ఆమె గొంతు తగ్గించింది.

"నన్నూ మోస్తారంటే, ఆ సంతకం ఎక్కడ పెట్టాలో చెప్పండి."