ఆగనంటే ఆగనన్న సైరన్

ఆ ఆదివారం పొద్దున ఆంజనప్ప వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఆరింటికి సైరన్ మోగించాలి, ఇంటికొచ్చి ఇడ్లీలు తినాలి, ఆ తర్వాత సంఘం మీటింగులో రామకృష్ణప్ప నోరు మూయించాలి. మూడింట్లో ఒక్కటీ అనుకున్నట్టు జరగదని ఆయనకేం తెలుసు!

రాబర్ట్‌సన్‌పేట దాటాక, బంగారు గనుల కార్మికుల ఇళ్ళ వరసలైన పాత లైన్లలో ఆయన ఇల్లు. గనులు మూతపడి ఇరవై ఏళ్ళు దాటింది. లైన్ల సంఘం కప్పు మీద సైరన్ మాత్రం రోజూ షిఫ్టు వేళలకు కూస్తూనే ఉంది. ఎవరూ దిగని షిఫ్టుకు సైరన్ ఎందుకంటారా? అది కూస్తేనే పాలు పొయ్యెక్కుతాయి, ముసలాళ్ళు మాత్రలు మింగుతారు, అంతే. దాన్ని నడిపేది ఒక పాత కంప్యూటరు. అందులో ఆంజనప్ప గని టైమాఫీసులో ఉన్న రోజుల్లో రాసిన షెల్ స్క్రిప్టు. అంటే యంత్రానికి వరసగా రాసిపెట్టిన ఆజ్ఞలన్నమాట: మోగించు, కాసేపు ఉండు, ఆపు. దాన్ని ఆయన కన్నబిడ్డలా చూసుకుంటాడు. నిజంగా కన్నబిడ్డ నాగరత్న ఈ విషయం అప్పుడప్పుడూ ఎత్తిపొడుస్తుంటుంది.

సంఘం పక్కింటి రామకృష్ణప్పకు ఆ కూతంటేనే ఒళ్ళు మంట. సైరన్ పీకేయాలని అర్జీ పెట్టాడు. తీర్మానం ఆ ఆదివారమే. అందాకా ఎవరూ వేళ కాని వేళ మోగించకుండా చేత్తో మోగించే, ఆపే స్విచ్చు పెట్టెకు తాళం వేయించి, తాళంచెవి తన మొలతాడుకు కట్టుకున్నాడు.

సరిగ్గా ఆ వారమే పాత కంప్యూటరు కన్ను మూసింది. బెంగుళూరులో కంప్యూటర్ల ఉద్యోగం చేసే అల్లుడు శంకర్, శనివారం కొత్తది తెచ్చి బిగించాడు.

"మామా, దీంట్లో ఆజ్ఞలు చదివే షెల్లు కొత్తది. నీ స్క్రిప్టు పాతకాలంది. కొన్ని లైన్లు మార్చల్ల."

"ఒక్క అక్షరం ముట్టుకున్నావంటే చూడు! నేను సచ్చినాక మార్చుకో."

"సరే, మార్చను. పాత స్క్రిప్టులు ఉన్నవి ఉన్నట్టు చదివే షెల్లు ఇంగొకటి ఉండాది. పొద్దున లేస్తానే ఎక్కిస్తాను. అందాకా దాన్ని కదిలించొద్దు మామా, నీకు పుణ్యముంటాది."

అల్లుడు ఆదివారం లేవడమంటే బాగా ఎండెక్కాకే. తీర్మానం రోజే కూత తప్పితే రామకృష్ణప్ప ఊరుకుంటాడా? ఆంజనప్ప తెల్లారకముందే చప్పుడు చేయకుండా బయటపడ్డాడు. మంచు బాగా దిగింది. గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బలు కనబడీ కనబడకుండా ఉన్నాయి, గనిలోకి దిగే షాఫ్టు మీది ఇనుప చక్రం గాలిలో వేలాడుతున్నట్టుంది. ఫస్టు షిఫ్టుకు పోతున్నట్టే అనిపించింది ఆయనకు. హాయిగా కూడా అనిపించింది.

స్క్రిప్టు నడిపాడు. సైరన్ కూసింది. ఆంజనప్ప కళ్ళు మూసుకొని విన్నాడు, ఇంకా విన్నాడు, ఇంకా వింటూనే ఉన్నాడు. అనుమానమొచ్చి కళ్ళు తెరిస్తే, ఈ లైను నాకు అర్థం కాలేదని కంప్యూటరు ఇంగ్లీషులో చెబుతోంది. మోగించడం కొత్త షెల్లుకు తెలిసింది. ఆపడం మాత్రం ఆంజనప్ప ఆ కాలపు పద్ధతిలో రాశాడు. అక్కడికొచ్చి అది నిలబడిపోయింది. ఆయన బల్ల కింద దూరి, దుమ్ములో పొర్లి, దొరికిన వైరునల్లా పీకాడు. కంప్యూటరు ఆరిపోయింది గాని, సైరన్‌కు కూయమని చెప్పినవాళ్ళే తప్ప ఆగమన్నవాళ్ళు లేరు. ఇక మిగిలింది రామకృష్ణప్ప మొలతాడు. పక్కింటికి పరిగెత్తితే తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి, లోపల మనిషి లేడు.

మనిషెలా ఉంటాడు? ఆ లైన్లలో పొట్టి కూత అంటే షిఫ్టు. ఆగకుండా కూసిందంటే భూమిలో ప్రమాదం జరిగిందని. అది వినగానే ఎక్కడున్నవాళ్ళు అక్కడినుంచే షాఫ్టు గేటు దగ్గరికి పరిగెత్తాలి. పుట్టింది మొదలు పరిగెత్తిన కాళ్ళు, గని మూశారా తెరిచారా అని అడుగుతాయా?

గేటు దగ్గర మంచులో లైన్లన్నీ నిలబడి ఉన్నాయి. చేతుల్లో టార్చీలు, దుప్పట్లు, కాఫీ ఫ్లాస్కులు.

"లోపల ఎవురుండారప్పా?"

"గని మూసేసినారు కదా," అన్నాడు సొన్నప్ప. ఆయన చేతిలోనూ టార్చి ఉంది.

"మూసినాక దిగినారేమో!" అంది అక్కయమ్మ.

అప్పుడే ఆంజనప్ప భార్య మునిలక్ష్మమ్మ జుట్టు ముడి కూడా వేసుకోకుండా వచ్చింది. "మా ఆయన ఇంట్లో లేడమ్మా! చీకట్లోనే ఎప్పుడు పోయినాడో!"

ఇంకేముంది, లోపల ఉండడానికి ఒక మనిషి దొరికాడు. ఆంజనప్ప దిగిపోయినాడు అన్నారు. బంగారం కోసమే అన్నారు. అల్లుడూ కనబడలేదంటే ఇద్దరూ దిగినట్టే అన్నారు. శంకర్ చెవుల్లో ఏవో దూర్చుకొని ఇంట్లో గుర్రుపెడుతున్నాడు. సొన్నప్ప గేటెక్కడానికి లుంగీ ఎగగట్టాడు. సరిగ్గా అప్పుడు, దిబ్బల అడ్డదారిలోంచి, తలనుంచి కాళ్ళదాకా దుమ్ముతో ఆంజనప్ప మంచులోంచి బయటికొచ్చాడు.

"పైకొచ్చేసినాడు!" జనం ఒక్కసారి అరిచారు. ఎవరో దుప్పటి కప్పారు, ఎవరో కాఫీ నోట్లో పోశారు.

"తాళంచెవి! రామకృష్ణప్ప యాడ?"

"పాపం, మతి చలించింది," అంది అక్కయమ్మ.

మునిలక్ష్మమ్మ నలుగురిలో ఎన్నడూ లేనిది మొగుణ్ణి గట్టిగా పట్టుకొని ఏడ్చింది. ఆ వెంటనే వీపు మీద ఒకటిచ్చింది. "చెప్పకుండా దిగుతావా?"

"యాడికీ దిగలేదే! బల్ల కిందికి దూరినా, అంతే!"

రామకృష్ణప్ప అందరికన్నా ముందొచ్చి, బనియనుతో, చెప్పులు లేకుండా, గేటు ఊచలు పట్టుకొని నిలబడి ఉన్నాడు. ఆంజనప్ప భుజం మీద చెయ్యి వేస్తే నిద్రలోంచి పలికినట్టు పలికాడు.

"మా నాయన ఇంగా రాలేదు అన్నా."

వాళ్ళ నాయన రాక ఎన్నేళ్ళయిందో లైన్లలో అందరికీ తెలుసు. ఇట్లాంటి పొడుగు కూత రోజే, ఇదే గేటు దగ్గర, రామకృష్ణప్ప బడి సంచితో నిలబడి ఉన్నాడు. రోజూ ఈ మనిషి చెవి పక్కన తాను ఊదుతున్నది ఏమిటో ఆంజనప్పకు అప్పటిదాకా తట్టనే లేదు.

"రా అప్పా, పోయి ఆపుదాము," అన్నాడు మెల్లగా. మొలతాడు ముడి ఎంతకీ రాలేదు. తాళంచెవితో పాటు మనిషినే స్విచ్చు పెట్టెదాకా నడిపించి, పెట్టెకు ఆనించి, తాళం తిప్పి, స్విచ్చు కట్టేశారు. సైరన్ ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఎవరింట్లోనో కుక్కరు ఈల వేసింది. అందరూ మళ్ళీ ఉలిక్కిపడ్డారు.

మీటింగులో ఆంజనప్ప ముందుగా లేచాడు. "తప్పు నాది. సైరన్ పీకేయండప్పా." ఆ మాట అనడానికి ఆయనకు ప్రాణం పోయినంత పనైంది.

"వద్దు," అన్నాడు రామకృష్ణప్ప. "నాకు తెలిసినప్పట్నించీ ఆ పొడుగు కూత కూసినప్పుడంతా ఎవురో ఒకరు ఇంటికి రాలేదు. ఈ పొద్దు కూసింది. అందరూ ఉండారు, ఒక్కరూ తక్కువ లేరు. ఇట్లాంటి కూత ఒకటి విన్నాను, చాలు. ఉండనీ దాన్ని." అర్జీ వెనక్కి తీసుకొని, తాళంచెవిని ఆంజనప్ప చేతిలో పెట్టాడు. ఆంజనప్ప కళ్ళు తుడుచుకోవడానికి దుప్పటి అంచు పనికొచ్చింది.

శంకర్ లేచి, ఏమీ తెలియక, చల్లారిన ఇడ్లీలన్నీ తినేసి, రెండో షెల్లు ఎక్కించాడు. స్క్రిప్టు ఒక్క అక్షరం మారకుండా నడిచింది. మోగింది, ఆగింది.

"ఇది ఏం చేస్తాదప్పా?" అని అడిగింది మునిలక్ష్మమ్మ.

"కొత్త మిషన్లో కూచొని, కాలం మారనే లేదన్నట్టు అంతా పాత మాదిరే నడిపిస్తాది అత్తా."

"దానికింత కష్టమెందుకప్పా, మీ మామను కూచోబెట్టుంటే సరిపోయేది కదా!"