రంగు పడని స్లైడు

ఆ ఉదయం ల్యాబ్ టెక్నీషియన్ పెట్టుకున్న పని ఒక్కటే: తమ్ముడి ఎముక మజ్జ స్లైడుకి రంగు వేయడం. తెల్లకణాల్లో మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ ఉంటే, చిన్న సీసాలోని యాంటీబాడీ దాన్ని పట్టుకుంటుంది. అక్కడ గోధుమరంగు తేలుతుంది. జబ్బుకణాల్లో ఆ రంగు తేలితే మొండి రకం రక్తక్యాన్సరనీ, తేలకపోతే మందుకు లొంగవచ్చనీ డాక్టరమ్మ చెప్పింది. స్లైడు ఇంకొకరి చేతికివ్వడానికి అక్కకు మనసొప్పలేదు.

తీరా వచ్చి చూస్తే ల్యాబ్ ఫ్రిజ్ ఆగిపోయి లోపలంతా నీళ్లు. సీసా మీది చీటీ ఊడి చేతికొచ్చింది. సీసాను స్టాఫ్ గది ఫ్రిజ్‌లో పెట్టి, నీళ్లు తుడిచి వచ్చేలోపు గుమాస్తా తన కంటిచుక్కల కోసం అదే అరలో చెయ్యి పెట్టాడు. ఆయన సీసా చీటీ ఎప్పుడో అరిగిపోయింది. ఆయన యాంటీబాడీ పట్టుకుపోయాడు. మిగిలిన సీసా ఆమె తెచ్చుకుంది.

మధ్యాహ్నం మైక్రోస్కోపులో చూస్తే గోధుమరంగు ఆనవాలే లేదు. కళ్లు తుడుచుకుంటూ ఇంటికి ఫోన్ చేసింది.

"అమ్మా, రంగు పడలేదే!"

"పడకపోతే మళ్లీ వెయ్యవే. దానికి ఏడుపెందుకు?"

"పడకపోవడమే మంచిదమ్మా!"

తల్లి ఆ మాట పక్కింటావిడకు చెప్పింది. వీధి చివరికి చేరేసరికి అసలు జబ్బే లేదన్నారు. మేనమామ చెవిన పడేసరికి ఆసుపత్రివాళ్లు స్లైడ్లు తారుమారు చేశారని తేలింది. ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూనే బస్సెక్కాడు.

ఈలోగా డాక్టరమ్మ స్లైడు చూసి తలెత్తింది. "మంచి కణాలకైనా రంగు పడాలి కదమ్మా. వాటికీ పడలేదేం?"

కొత్తగా చేరినవాళ్లకు ఆ సంగతి నేర్పేది అక్కే. ఇవాళ ఆమె కళ్లు కావలసిందే చూశాయి.

అప్పుడే గుమాస్తా నిప్పుల్లాంటి కళ్లతో వచ్చాడు. "ఈ చుక్కలు వేసుకుంటే మంట ఇంకా ఎక్కువైందండీ!"

డాక్టరమ్మ ఆయన్ని కుళాయి దగ్గరికి లాక్కెళ్లింది. గుమాస్తా కళ్లు బాగా కడిగించుకుని, నీళ్లు కారుతున్న మొహంతో వెనక్కి వస్తుంటే మేనమామ ఎదురయ్యాడు.

"జబ్బు లేనివాడికి జబ్బంటగడతారా? ఇప్పుడు ఏడిస్తే సరిపోతుందా?" అని అరిచి, ఆయన వాలకం చూసి తగ్గాడు. "సర్లెండి, ఊరుకోండి. పొరపాట్లు అందరికీ జరుగుతాయి."

కొత్త సీసా తెప్పించి మళ్లీ రంగు వేశారు. మంచి కణాలకు రంగు పడింది. జబ్బుకణాలకూ పడింది. మేనమామ మేనకోడలి సంచి అందుకుని ముందు నడిచాడు.

ఇంటికెళ్లేసరికి తల్లి నిద్రపోతోంది. తమ్ముడు మంచం మీద లేచి కూర్చుని అక్క మొహం చూశాడు.

"పడిందా?"

"పడింది రా."

వాడు కాసేపు దుప్పటి అంచు నలిపాడు. "అమ్మని లేపకే. చాన్నాళ్లకి కడుపునిండా తింది."

"లేచాక ఎవరు చెబుతారు?" గుమ్మంలోంచి మేనమామ గొంతు తగ్గించి అడిగాడు.

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పక్కగదిలో తల్లి కదిలిన అలికిడి వినిపించింది.

ఆమె వచ్చేసరికి ముగ్గురూ గాఢనిద్రలో ఉన్నారు. మేనమామ అయితే గురక కూడా పెట్టాడు.