అయిదొందల ముక్కల మిరపాకు

నవ్వనని మాటిస్తేనే చెబుతాను. ఆదివారం క్రోసూరులో మా బావమరిది గోపీనాథ్ గృహప్రవేశం. అదే ఆదివారం క్రికెట్ ఫైనల్. నరసరావుపేటలో పురుగుమందుల కొట్టు నడిపేవాడికి ఏడాదికి దొరికే సుఖం అదొక్కటే.

రానని చెప్పే ధైర్యం నాకు లేదు. అందుకని మా ఆవిడ జ్యోతిర్మయికి ఒక చెక్క పజిల్ తెప్పించాను. మైక్రోస్కోపులో చూసిన మిరపాకు బొమ్మ. అయిదొందల ముక్కలు, అన్నీ వంకర్లే, అన్నీ పచ్చనే.

"ఏందండీ ఇది?"

"ఆదివారం పొద్దునకల్లా ఇది పూర్తిచేస్తే క్రోసూరు పోదాం. లేకపోతే లేదు."

"మాట మీద ఉంటారా?"

"కోటప్పకొండ స్వామి మీద ఒట్టే!"

ఒట్టు వేశాక భయం పట్టుకుంది. ఆమె పొయ్యి దగ్గరికి వెళ్ళగానే ఒక ముక్క తీశాను. పప్పు డబ్బాలో దాస్తే దొరుకుతుంది, కొట్లో దాస్తే నేనే మరచిపోతాను. బాగా ఆలోచించి బీరువాలో నా పట్టుచొక్కా జేబులో వేశాను. ఫంక్షన్లకు తప్ప దాన్నెవరూ ముట్టరు. ఫంక్షన్‌కి ఎటూ వెళ్ళంగా! నా తెలివికి నాకే ముచ్చటేసింది.

జ్యోతి ముక్కల్ని చేటలో పోసింది. పక్కింటి గుల్జార్ బేగం వచ్చి కూర్చుంది. ఇద్దరూ మిరపకాయలు ఏరినట్టు లేతపచ్చ ఒక కుప్ప, ముదురుపచ్చ ఒక కుప్ప, ఈనెలు ఒక కుప్ప చేశారు.

"జ్యోతక్కా, ఇది ఆకులో ఏ పక్కదో?" అంది గుల్జార్.

"ఆయన్నడుగు. ఆకుకి మందు అమ్మేది ఆయనేగా!"

అడిగింది. నాకు తెలియలేదు. ఇద్దరూ పడీపడీ నవ్వారు.

ఆదివారం పొద్దునకల్లా ఆకు తయారైంది. నడుమ మాత్రం వేలెడంత చిల్లు.

"అయ్యో, ఒక్క ముక్కకాడ ఆగిపోయిందే!" అంటూ రిమోట్ అందుకున్నాను. ఆమె ముఖం చూస్తే నిజంగానే జాలేసింది. అయినా రిమోట్ వదల్లేదు.

"పోన్లెండి. తానం చేసి ఆ చొక్కా తొడుక్కోండి."

కుర్చీ మీద ఇస్త్రీ చేసిన పట్టుచొక్కా!

"పజిల్ అవలేదుగా?"

"జేబులో చూడండి."

చూడక్కర్లేకపోయింది. "ఎప్పుడు దొరికిందే?" అన్నాను నీరసంగా.

"మీరు దాచిన రోజే. పుట్టింట్లో గృహప్రవేశమంటే ముందు ఇస్త్రీకి తీసేది మొగుడి చొక్కానే కదండీ."

"మరి అప్పుడే అడగలేదే?"

"అడిగితే ఇంకోచోట దాస్తారు. అయినా చానా బాగుందండీ ఆట. పెట్టండి, మీ చేత్తోనే."

పెట్టాను. టక్కున కూర్చుంది. ఆకు పూర్తవడం చూద్దామని పొద్దున్నే వచ్చిన గుల్జార్ చప్పట్లు కొట్టింది.

మేము చేరేసరికే ఈ కబురు ఫోనులో క్రోసూరు చేరింది. గోపీనాథ్ గుమ్మంలోనే ఎదురొచ్చి, అందరి ముందూ నా జేబు తడిమాడు.

"పొద్దుట్నుంచి కొత్తింటి తాళంచెవి కనపడట్లేదు బావా, అందుకని."