కాపురానికి కావలసింది గది కాదు, హెడ్‌ఫోన్ సాకెట్!

"గర్బాకు పర్మిషన్ వచ్చింది!"

ఈ కేక మా ఆయనది. చేతిలో ఫోను, నోట్లో సగం నమిలిన చపాతీ. నిరుడు కరోనా పుణ్యమా అని సూరత్‌లో నవరాత్రులు గర్బా ఆట లేక మూగగా గడిచిపోయాయి. ఈ ఏడు వీధుల్లో, సొసైటీల్లో, నాలుగు వందల మందికి మించకుండా ఆడుకోవచ్చని సర్కారు చెప్పిందట. ఆర్కెస్ట్రా నడిపే దేవదాస్ అన్న ఫోన్ చేసి, "శివా, నీ బాస్ గిటార్ దుమ్ము దులుపు" అన్నాడట.

దులిపాడు. అటక మీది నుంచి గిటార్‌తో పాటు ఒక నల్లటి డబ్బా కూడా దిగింది. పెద్ద కుక్కర్ వచ్చే అట్టపెట్టెంత ఉంటుంది. గిటార్ ధ్వనిని పెంచే ఆ స్పీకర్ పెట్టె పేరు ప్రాక్టీస్ యాంప్.

పాఠకులారా! ఆ డబ్బా సాక్షిగా ఒక సత్యాన్ని ప్రకటిస్తున్నాను. కొత్తగా పెళ్లయినవాళ్లకు విడిగా గది అవసరం లేదు. ఒక బాస్ యాంప్, దాని వెనుక పావు అంగుళం హెడ్‌ఫోన్ సాకెట్ ఉంటే చాలు! గది కావాలి, తలుపు కావాలి అని గొడవ చేసే జంటలు ఈ దేశం మీద అనవసరంగా సిమెంటు భారం మోపుతున్నాయి.

నవ్వకండి. నేను డిగ్రీ చదివినదాన్ని. ఆధారాలు లేకుండా మాట్లాడను.

మా ఇల్లు సూరత్‌లోని బమ్రోలిలో. ముందు ఒక గది, వెనుక వంటిల్లు. ముందు గదిలో మా అత్తమ్మ కొమురవ్వ, మామయ్య కనకయ్య. వంటింట్లో గ్యాస్ పొయ్యి, బియ్యం డ్రమ్ము, మా ఆయన శివకృష్ణ, నేను. రెండింటికీ మధ్య తలుపు లేదు, పర్దా ఉంది. పర్దా మీద నెమళ్లున్నాయి. అన్నీ మావైపే చూస్తుంటాయి.

ఇరుకంటారా? ఇరుకు నాకు లెక్కలోది కాదు. కొత్త పెళ్లికూతురికి ఇరుకు కూడా అందంగానే ఉంటుంది. పోపు పెడుతుంటే మా ఆయన భుజం తగులుతుంది. అది అదృష్టం కాదా?

అసలు సంగతి ఇరుకు కాదు, గొంతు. మామయ్య పొట్టకూటికి ఈ ఊరొచ్చి ముప్పై ఏళ్లుగా పవర్‌లూమ్‌ల మధ్య పని చేస్తున్నారు. ఆ మోతలో పక్క మనిషికి మాట వినిపించాలంటే అరవాలి. రోజంతా అరిచి ఇంటికొచ్చిన మనిషి ఇంట్లో మాత్రం మెల్లగా ఎలా మాట్లాడతారు? పైగా ఆ మోతకు ఆయన చెవులు సగం మూతపడ్డాయి. ఆయనకు వినిపించాలని అత్తమ్మా అరుస్తారు. వాళ్లిద్దరి మధ్య పెరిగిన మా ఆయనకు గొంతులో ఉన్నది ఒకటే గేరు. అత్తమ్మ మామయ్యను "ఉప్పు సరిపోయిందా?" అని అడిగితే, పై అంతస్తు ఐలమ్మ "నా కూరల గూడ తక్కువైంది కొమురవ్వా!" అని జవాబిస్తుంది.

ఇలాంటి ఇంట్లో ప్రేమ ఎలా ఒలకబోస్తారో ఊహించండి! పెళ్లయిన కొత్తలో ఒక సాయంత్రం మా ఆయన నా వెనకాల నిలబడి, తన దృష్టిలో గుసగుసగా, "నువ్వంటే నాకు మస్తు ఇష్టం" అన్నాడు. పర్దా అవతలి నుంచి అత్తమ్మ వెంటనే, "ఇష్టముంటే జర ఆ చిక్కుడుకాయలు తుంచుడు సాయం జెయ్యిరా" అన్నారు. తుంచాడు. ప్రేమ ఆ పూట కూరలో కలిసింది.

సరే, యాంప్ దగ్గరికి వద్దాం. వంటింట్లో ఉన్న ఒక్క ప్లగ్ పాయింటూ మిక్సీది. కాబట్టి యాంప్‌ను ముందు గదిలో, పర్దాను ఆనుకుని పెట్టాం. స్పీకర్ మొహం ముందు గది వైపు, వీపు మావైపు. మొదటి రోజు మా ఆయన ఒక్క తీగ మీటాడు. బాస్ ధ్వని చెవులకు రాదు, కడుపులోకి వస్తుంది. అల్మారాలో స్టీలు పళ్లేలన్నీ వణికాయి. పై నుంచి ఐలమ్మ, "భూకంపమా?" అని అరిచింది.

అప్పుడు మా ఆయన హెడ్‌ఫోన్ వైరు తీసి యాంప్ వీపున ఒక రంధ్రంలో గుచ్చాడు. ఇల్లు నిశ్శబ్దమైపోయింది! అతని వేళ్లు కదులుతున్నాయి, కళ్లు మూసుకుని తల ఊపుతున్నాడు, బయటికి మాత్రం చీమ నడిచినంత చప్పుడు. నాకు ఒళ్లు పులకరించింది. ఈ ఇంట్లో వినబడకుండా ఏదైనా జరగడం నేను చూసింది అదే మొదటిసారి.

ఆ రాత్రికల్లా నేను యాంప్ వీపు మొత్తం కంఠస్థం చేశాను. మీకూ చెబుతాను, కాపురాలకు పనికొస్తుంది. హెడ్‌ఫోన్ సాకెట్‌లో వైరు పెడితే స్పీకర్ నోరు మూసుకుంటుంది. దాని పక్కనే, అచ్చం అలాంటిదే, లైన్ అవుట్ ఉంటుంది. అది స్టేజీ మీద ధ్వనిని పెద్ద సౌండ్ మిక్సర్‌కు పంపడానికి. అందులో వైరు పెట్టినా స్పీకర్ నోరు మూయదు. ఇక సెండ్, రిటర్న్ అని మరో రెండున్నాయి. సెండ్‌లోంచి ధ్వని బయటికి వెళ్లి, ప్రతిధ్వని పుట్టించే ఎకో పెడల్‌లో దూరి, అలంకరించుకుని, రిటర్న్‌లోంచి ఇంటికొస్తుంది. రెండో వైరు పెట్టడం మరిచిపోయారా, వెళ్లిన ధ్వని ఇక రాదు. టమాటాలకని వెళ్లి చాయ్ బండి దగ్గర ఆగిపోయే మా ఆయనకూ దానికీ తేడా లేదు.

గొప్ప ఆవిష్కరణ మాత్రం నాదే. గిటార్ పెట్టే చోట మైకు పెడితే ఏమవుతుంది? ఒక సాకెట్‌కు రెండు హెడ్‌ఫోన్లు తగిలించే చిన్న పిన్ను దొరికితే ఏమవుతుంది?

టెలిఫోన్ అవుతుంది! ఒకే వంటింట్లో, ఒకే చాప మీద కూర్చున్న మొగుడూ పెళ్లాలకు సొంత టెలిఫోన్! పెదవి కదిపితే చాలు, యాంప్ ఆ మాటను పెంచి ఇద్దరి చెవుల్లో పోస్తుంది. బయటికి ఏమీ రాదు. ఇంట్లోవాళ్లు "పిల్లగాడు ప్రాక్టీసు జేస్తుండు" అని టీవీ చూసుకుంటారు.

ఆ మొదటి సాయంత్రం నేను మైకులో "శివా" అన్నాను. అత్తమామల ముందు నేను ఆయన్ను పేరు పెట్టి పిలవను, "ఇగో" అంటాను. ఎకో పెడల్ ఆన్‌లో ఉంది. శివా... శివా... శివా... ఆయన చెవులు ఎర్రబడ్డాయి. మైకు తీసుకుని, "మనోజ్ఞా" అన్నాడు. ఎంత మెల్లగా! పెళ్లయిన ఇన్ని నెలలకు మా ఆయనకు ఇంత మెత్తటి గొంతుందని తెలిసింది. ఏ గది ఇవ్వగలదండీ ఇంత సుఖం?

మీరు అడగవచ్చు: ఇంత సుఖంలో ఉన్నదానివి, మరి రోజూ ఆ టెలిఫోన్‌లో మీ ఆయనతో ఏం మాట్లాడేదానివి?

చెబుతాను. గది గురించి మాట్లాడుకునేవాళ్లం.

అమ్రోలిలో, తాపీ నదికి అవతల, దేవదాస్ అన్న ఇంటి మేడ మీద ఒక గది ఖాళీగా ఉంది. ఆయన మాకోసం ఆపి ఉంచాడు. చెప్పాల్సింది ఒక్క మాటే, "అమ్మా, మేం వేరుగా ఉంటాం" అని. ఆ మాట ఎవరు చెప్పాలి? ఒక్కడే కొడుకు. నేను చెబితే కోడలు కొడుకును ఎత్తుకుపోయినట్టు. మా ఆయన చెబితే కోడలు చెప్పించినట్టు. అత్తమ్మ చెడ్డావిడైతే ఏ బాధా లేకపోయేది. కానీ ఆవిడ జొన్నరొట్టె చేస్తే మొదటిది నా పళ్లెంలోనే వేస్తారు. అలాంటి మనిషిని ఏడిపించడం ఎలా?

ఇవాళ ఆదివారం కదా, మధ్యాహ్నం కూడా అదే చర్చ. అప్పుడు జరిగింది ప్రమాదం.

మా మామయ్యకు ఒక స్వభావం ఉంది. ముప్పై ఏళ్ల మగ్గం పని. తెగి వేలాడే పోగు కనబడితే ఆయన చేతులు ఆగవు. అది దొరికిన చోట దూర్చి ముడి వేయాల్సిందే. భోజనమయ్యాక ఆయన నడుం వాల్చబోతూ చూస్తే యాంప్ వెనుక ఒక వైరు ఊడి కింద పడి ఉంది. ఊరుకుంటారా? తీసి, ఎదురుగా కనిపించిన రంధ్రంలో జాగ్రత్తగా దూర్చి, తృప్తిగా మంచమెక్కారు.

అది లైన్ అవుట్.

మేం పర్దా ఇవతల హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాం. మాట కొంచెం సన్నగా వస్తోంది. నేను వాల్యూమ్ పెంచాను. సన్నగానే ఉంది. ఇంకా పెంచాను. చెవులకు హెడ్‌ఫోన్లు బిగించి ఉన్నాయి కదా, గోడలు కూడా అదురుతున్నట్టు అనిపించి, "ఇయ్యాల సౌండ్ ఎంత నిండుగ ఉన్నదో!" అని మురిసిపోయాను.

"శివా, దేవదాసన్న ఏమన్నడు?"

"రేపు సోమారం దాక ఆగుతడట. తర్వాత వేరేటోళ్లకు ఇస్తడట."

"అయితే ఇయ్యాల అత్తమ్మకు చెప్పరాదు?"

"నేనా? అమ్మ ఏడిస్తే నాతోని కాదు యార్. నువ్వు చెప్పు."

"నేను చెప్తే నన్నేమనుకుంటది?"

"అయితే ఛోడ్ దే, పోనియ్యి. యాంప్ ఉన్నది గద మనకు."

"ఎన్ని దినాలు శివా, డబ్బాల కాపురం జేసుడు? నాకు తలుపున్న ఇల్లు కావాలె!"

ఎకో పెడల్ ఆన్‌లోనే ఉంది.

హెడ్‌ఫోన్ తీశాను. ముందు గదిలోంచి నా గొంతే, ఏ ఊరేగింపులోనో మైకు కట్టినట్టు, "కావాలె... కావాలె... కావాలె..." అంటూ గల్లీలోకి నడిచిపోతోంది.

పై నుంచి ఐలమ్మ అందుకుంది. "ఓ మనోజ్ఞా! అమ్రోలిల ఇంకో గదుంటే మా పెద్దోనికి గూడ అడుగు బిడ్డా! వాని పెండ్లాం గూడ గిదే ఏడుపు!"

పర్దా కదిలింది. అత్తమ్మ. నేను చాప మీద ఎంత చిన్నగా కూర్చోవచ్చో అంత చిన్నగా కూర్చున్నాను. మా ఆయన గిటార్ వెనుక దాక్కున్నాడు. గిటార్ చాల్లేదు.

అత్తమ్మ వచ్చి నా ఎదురుగా చాప మీద కూర్చున్నారు. తర్వాత, నేనెన్నడూ వినని మెల్లటి గొంతుతో, "తలుపు గావాల్నా బిడ్డా?" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. తల ఊపాను.

"మరి నాతోని చెప్పరాదు? నేనేమన్న పులినా?"

ఇంతలో మంచం మీది నుంచి మామయ్య: "ఏందే, ఏమంటుండ్రు?" బమ్రోలి మొత్తం విన్న సంగతి ఆయన ఒక్కరే వినలేదు! పైగా గర్వంగా, "ఆ తీగె ఊడితే నేనే బెట్టిన! బరాబర్ వస్తుందారా సౌండు?" అని అడిగారు.

"బరాబర్ వచ్చింది నాయినా," అన్నాడు మా ఆయన నీరసంగా.

అత్తమ్మ నా చేతిలోని హెడ్‌ఫోన్ తీసుకున్నారు. "ఈ ముచ్చట ఒర్రుకుంట చెప్పేది కాదు. సప్పుడు బయటికి రాకుంట జెయ్యిరా," అని కొడుకును గద్దించారు. ఆయన వైరు సరైన సాకెట్‌లోకి మార్చి, పెడల్ ఆపాడు. అత్తమ్మ హెడ్‌ఫోన్ తీసుకెళ్లి మామయ్య తలకు తగిలించి, మైకును అప్పడాల కర్రలా పట్టుకుని అలవాటుగా గట్టిగా, "ఇగో, ఇంటున్నవా!" అన్నారు.

మామయ్య మంచం మీద ఎగిరిపడ్డారు. "మెల్లగ చెప్పవే! గంత ఒర్రుతవేందే? నేనేమన్న చెవిటోన్నా?"

మా ఆయన నోట్లో చొక్కా కుక్కుకుని నవ్వాడు. అత్తమ్మ నవ్వలేదు. మొగుడి మొహం వంక వింతగా చూశారు. మంచం మీద పక్కన కూర్చుని, మైకు దగ్గరగా పెట్టుకుని, పెదవులు కదిపారు. మాకు ఒక్క ముక్క వినబడలేదు. మామయ్య తల ఊపారు. ఏదో అడిగారు, అదీ మెల్లగానే. అత్తమ్మ కళ్లు తుడుచుకున్నారు, మళ్లీ ఏదో అన్నారు, ఈసారి మామయ్య నవ్వారు. ఏమన్నారండీ అంతసేపు? మేమిద్దరం పర్దా పట్టుకుని వంగి విన్నా లాభం లేకపోయింది. పై నుంచి ఐలమ్మ కూడా, "ఏమంటుండ్రే? జర గట్టిగ మాట్లాడుండ్రి!" అని బతిమాలింది.

అదిగో, అప్పుడు నా సిద్ధాంతం కూలిపోయింది. ఒప్పుకుంటున్నాను. ఇంట్లో మనుషులు ఒకరితో ఒకరు మనసులో మాట చెప్పుకోవడానికి నాలుగు సాకెట్లు, మూడు వైర్లు, ఒక పెడల్ కావలసి వచ్చాయంటే, అది యాంప్ గొప్పతనం కాదు. మాకు గది లేదు. వాళ్లకూ లేదు. మేం ఏడెనిమిది నెలలే ఓర్చుకున్నాం. వాళ్లు ముప్పై ఏళ్లు.

కాసేపటికి అత్తమ్మ మైకు పక్కన పెట్టి తీర్పు చెప్పారు. "మీ నాయిన సరే అన్నడు. పోండ్రి. గని ఈ డబ్బ ఈడ్నే ఉంటది. వాయించుకోవాల్నంటే రోజు ఇంటికి రావాలె."

"అమ్మా, అది నాది!" అన్నాడు మా ఆయన.

"నువ్వు నాకు పుట్టినోనివి. ఇగ డబ్బ ఎవలిది?"

మా ఆయన సాయం కోసం నా వైపు చూశాడు. ఈ లాజిక్ నా డిగ్రీలో చెప్పలేదు.

రేపు పొద్దున్నే నలుగురం ఆటోలో అమ్రోలికి వెళుతున్నాం. అత్తమ్మ నీళ్లు ఎప్పుడొస్తాయో అడుగుతారట, మామయ్య గోడలు తట్టి చూస్తారట, మా ఆయన ప్లగ్ పాయింట్లు లెక్కపెడతాడట. నేను మాత్రం గదిలోకి వెళ్లి, తలుపు వేసి, లోపలి గొళ్లెం పడుతుందో లేదో చూస్తాను.