ఎదుటి జట్టు రాని సీజన్

"ఈ ప్రాంత యువత తుపాకీ దించి ఫుట్‌బాల్ ఎత్తింది. అనుమానం ఉన్నవాళ్ళు మన జగిత్యాల కాలేజీ జట్టును చూడండి. ఐదు మ్యాచులు, ఐదు విజయాలు. ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు" అని యువజన సర్వీసుల మంత్రిగారు ట్రావెలర్స్ బంగళాలో పత్రికలవారి ముందు ప్రకటించారు.

మా పిల్లల్లో ఎవరూ అంతకు ముందు తుపాకీ ఎత్తలేదు. అయినా దించినందుకు అభినందించడం మంత్రిగారి పెద్ద మనసు.

ఆ జట్టుకు మేనేజరును నేనే కాబట్టి వివరాలు పాఠకులకు తెలియజేయడం నా బాధ్యత. మాది బోయినపల్లి. మా ఇంట్లో బి.ఏ. పాసైన మొదటివాణ్ణి. కాలేజీలో తాత్కాలిక ట్యూటరుగా చేరిన రెండో వారమే ప్రిన్సిపాల్ గారు పిలిచారు. ఆటల మాస్టారి పోస్టు మంజూరైంది గాని మనిషి మంజూరు కాలేదని, మనిషి వచ్చేదాకా విజిల్ నా దగ్గర ఉంచుకోమని అన్నారు. ఫుట్‌బాల్ గురించి నాకేమీ తెలియదని మనవి చేసుకున్నాను.

"గీ పరిస్థితులల్ల తెల్వకపోవుడే మంచిది" అన్నారు.

పరిస్థితులు అంటే, మా తాలూకాలను అప్పటికే కల్లోలిత ప్రాంతంగా ప్రకటించారు. ఐదుగురు యువకులు ఒకచోట నిలబడితే నేరం. ఫుట్‌బాల్‌కు పదకొండు మంది కావాలి. ప్రిన్సిపాల్ గారు ఠాణా చుట్టూ నాలుగుసార్లు తిరిగి, పదకొండు పేర్లతో అనుమతి కాగితం తెచ్చారు. ఆదివారం నాలుగు నుంచి ఆరు దాకా, కాలేజీ గ్రౌండులో మాత్రమే. ఆటకు ముందు కానిస్టేబుల్ మొండయ్య వచ్చి ఒక్కొక్కరి పేరు పిలిచి, తన పుస్తకంలో సంతకం తీసుకుంటాడు. బంతిని కూడా ఒకసారి నొక్కి చూస్తాడు.

మొదటి మ్యాచ్ కోరుట్లతో. వాళ్ళు బస్సులో బయలుదేరారు. దారిలో పోలీసులు బస్సు ఆపి, ఒకే ఈడు పిల్లలు పదకొండు మంది ఉన్నారని దింపారు. కోరుట్ల కెప్టెన్ తర్వాత నాకు చెప్పిన ప్రకారం సంభాషణ ఇలా సాగింది.

"ఎక్కడికిరా?"

"ఫుట్‌బాల్ ఆడతందుకు పోతున్నం సార్."

"బంతేది?"

"బంతి ఆళ్ళ దగ్గరుంటది సార్."

"బంతి వాళ్ళ దగ్గర, కాళ్ళు మీ దగ్గర. ప్లాను బాగానే వేశారు."

ఎదురొచ్చిన బస్సెక్కించి వెనక్కి పంపారు. ఈ వార్త విని తర్వాతి మూడు కాలేజీలు తాము ఓడిపోయామని ముందే పోస్టు కార్డు రాసి పంపాయి. ఐదో మ్యాచ్ సిరిసిల్లతో. వాళ్ళు తెలివైనవాళ్ళు. ఇద్దరిద్దరుగా ఆరు బస్సుల్లో బయలుదేరారు. ఇలా రావడం మరీ అనుమానంగా ఉందని వాళ్ళను ఆరు చోట్ల దింపారు.

మా జట్టు మాత్రం నియమం తప్పలేదు. ప్రతి ఆదివారం ఎవరి స్థానంలో వాళ్ళు అరగంట నిలబడేవారు. ఎదుటి జట్టు రాకపోతే నేను విజిల్ వేసేవాణ్ణి. రాయికల్ నుంచి వచ్చే మా కెప్టెన్ వెంకటి ఖాళీ గోల్‌లోకి బంతి తన్నేవాడు. దీన్ని వాకోవర్ అంటారని నాకు అప్పుడే తెలిసింది. మా గోల్ కీపర్ మొగిలయ్య సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే కార్మికుడి కొడుకు. ఆ అరగంటా మోకాళ్ళు వంచి, చేతులు చాపి, రెప్ప వేయకుండా చూసేవాడు.

"అటు దిక్కు ఎవలూ లేరు గదరా. జర సక్కగ నిలవడు" అనేవాడు వెంకటి.

"ఎవలన్న అస్తరేమోనే" అనేవాడు మొగిలయ్య.

ఐదో ఆదివారం కూడా గెలిచాం. మంగళవారం మొగిలయ్యను పట్టుకుపోయారు. ఆదివారం నాలుగున్నరకు సిరిసిల్ల దగ్గర బస్సు తగలబెట్టినవాళ్ళలో అతను ఉన్నాడని కేసు. అక్కడికి బందోబస్తుకు వెళ్ళిన మా ఎస్సైగారు స్వయంగా తన కళ్ళతో చూశారట.

బుధవారం పొద్దున్నే మొగిలయ్య తల్లి లసుమవ్వ కాలేజీకి వచ్చింది. బీడీలు చుట్టి చుట్టి నల్లబడిన వేళ్ళతో నా టేబుల్ అంచు పట్టుకుంది.

"సారూ, ఐతారం నాడు నా కొడుకు నీ దగ్గర ఉన్నడా?"

"ఉన్నడవ్వా."

"నీ కండ్లతోని సూసినవా?"

"సూసిన. అరగంట నిలవడ్డడు."

"గంతే సారూ. గా ఒక్క ముక్క ఠాణాల చెప్పు. శనారం కోర్టుకు కొంచవోతరట. ఆడికి వొయినంక మల్ల ఎన్నేండ్లకస్తడో."

వెంటనే వెళ్ళాను. ఎస్సైగారిది కోస్తా వైపు. చదువుకున్నవాళ్ళంటే ఆయనకు గౌరవం. కుర్చీ చూపించారు.

"మ్యాచ్ జరిగిందా మాస్టారూ?"

"వాకోవర్ సార్. ఎదుటి జట్టు రాలేదు."

"అంటే జరగలేదు."

"జరగలేదు సార్."

"జరగని మ్యాచ్‌లో మీవాడు ఆడాడంటారు. బి.ఏ. చదివారు, మీరే ఆలోచించండి."

ఆలోచించాను. తర్కశాస్త్రం నా సబ్జెక్టు కాదు. మొండయ్య పుస్తకంలో సంతకం ఉందని గుర్తు చేశాను.

"అది ఆటలకు పెట్టిన పుస్తకం. ఆటే లేనప్పుడు ఆ సంతకం దేనికి పెట్టినట్టు? అది కూడా విచారించాలి" అని నోట్ చేసుకున్నారు.

అదృష్టవశాత్తూ శుక్రవారం మా జట్టుకు సన్మానం చేస్తామని మంత్రిగారి కార్యాలయం కబురు పంపింది. గురువారం పి.ఏ. గారు వచ్చి స్కోర్లు అడిగారు. వాకోవర్ అని చెప్పాం.

"వాకోవర్‌కు జనం సప్పట్లు ఏడ కొడతరయ్యా? మంత్రిగారు మైకుల ఏమని సదువుతరు? నంబర్లు రాసియ్యుండ్రి."

ప్రిన్సిపాల్ గారు నా వైపు చూశారు. నా దస్తూరి గుండ్రంగా ఉంటుంది. కోరుట్ల మీద నాలుగు, సిరిసిల్ల మీద మూడు గోల్స్ రాశాను. మరీ ఎక్కువ రాయలేదు. ఎదుటి జట్లకూ పరువుంటుంది.

రాస్తుంటే నాకు తట్టింది. మ్యాచ్ జరిగిందంటే మొగిలయ్య ఆడినట్టే కదా. అందుకని సిరిసిల్ల మ్యాచ్ కింద 'గోల్ కీపర్ మొగిలయ్య ఏడు గోల్స్ ఆపాడు' అని ఒక వాక్యం చేర్చాను. పి.ఏ. గారు చదవకుండానే సంతకం చేసి, మంత్రి కార్యాలయం ముద్ర వేశారు. ఆ కాగితం పట్టుకుని ఠాణాకు పరుగెత్తాను.

ఎస్సైగారు రెండుసార్లు చదివారు. ముద్రను వేలితో తడిమారు.

"అయితే మ్యాచ్ జరిగింది."

"జరిగింది సార్."

"మంత్రిగారి ఆఫీసు చెప్పాక కాదనడానికి మనమెవరం. చాలా సంతోషం మాస్టారూ. కాగితం ఉంచి వెళ్ళండి. పి.ఏ. గారికి నేనే చేరుస్తాను."

లసుమవ్వకు ఆ మాటే చెప్పాను. శుక్రవారం కాలేజీ గ్రౌండులో జరిగే సభకు రమ్మన్నాను. ఆమె ఉతికిన చీర కట్టుకుని, ముందు వరుసలో నేల మీద కూర్చుంది.

శుక్రవారం వేదిక మీదికి వచ్చిన జాబితా టైపు చేసి ఉంది. అందులో పది పేర్లున్నాయి.

"సోదరులారా, మన పిల్లలు సిరిసిల్లను పదిమందితోనే ఓడించారు. గోల్ కీపర్ లేకుండానే ఒక్క గోల్ కూడా పడలేదు. ఏ దేశంలో అయినా ఇలాంటి జట్టు ఉందా?" అన్నారు మంత్రిగారు. లేదని జనం చప్పట్లు కొట్టారు.

పతకాలు మాత్రం పదకొండు తెచ్చారు. పదిమంది మెడల్లో వేశాక పళ్ళెంలో ఒకటి మిగిలింది. మిగిలిన దాన్ని ఏం చేయాలో మంత్రిగారికి ఎవరూ చెప్పలేదు. ఆయన పదవిలో పెరిగిన మనిషి. ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"ఐదు ఆదివారాలూ ఈ గ్రౌండు వదలకుండా మన పిల్లలను కాపాడింది ఎవరు? మన ఎస్సైగారు. ఈ జట్టుకు అసలైన గోల్ కీపర్ ఆయనే."

ఎస్సైగారు టోపీ తీసి మెడ వంచారు. పి.ఏ. గారు జాబితాలో పదకొండో పేరును పెన్నుతో రాసుకున్నారు. పత్రికలవారు కూడా రాసుకున్నారు.

ఫోటో కోసం అందరినీ గోల్ స్తంభాల ముందు నిలబెట్టారు. పదిమంది పిల్లలు, నడుమ పతకంతో ఎస్సైగారు, పక్కన మంత్రిగారు. ఫోటోగ్రాఫర్ కెమెరా మీది నల్లగుడ్డ సర్దుకుంటుండగా లసుమవ్వ లేచి వెళ్ళి ఎస్సైగారి ఎదురుగా నిలబడింది.

"దొరా, అయిదు ఐతారాలు నువ్వు ఈడ్నే ఉన్నవని మంత్రి సారు చెప్పవట్టె. మరి సిరిసిల్లల నా కొడుకును సూసిందెవలు?"

ఎస్సైగారు మంత్రిగారి వైపు చూశారు. మంత్రిగారు కెమెరా వైపు చూస్తున్నారు. ఎస్సైగారు పతకాన్ని నిటారుగా సర్దుకున్నారు.

"మొండయ్య చూశాడు. ఏం మొండయ్యా?"

మొండయ్య నా పక్కనే ఉన్నాడు. సంతకాల పుస్తకం అతని చంకలోనే ఉంది.

"సూసిన సార్" అన్నాడు.

"ఏడ సూసినవ్ కొడుకా?" అని అడిగింది లసుమవ్వ.

మొండయ్య ఆమె వైపు చూడలేదు. వెనకున్న గోల్ స్తంభాల వైపు చూశాడు. నోరు తెరిచాడు.

నల్లగుడ్డలోంచి ఫోటోగ్రాఫర్ చెయ్యి ఊపాడు.

"అవ్వా, జర పక్కకు జరుగు. గోల్ కీపర్ కనబడ్తలేడు."