సార్జంటు పెట్టెలో పడక

బళ్ళారి బజారులో జవళి అంగడి పంపాపతయ్య గజంబద్ద పట్టుకుని కూర్చుంటే ఎంత గట్టి బేరగాడైనా తగ్గాల్సిందే. ఇంటి గడప దాటి లోపలికి వచ్చాక మాత్రం తగ్గేది ఆయనే. పెళ్ళయిన పదిహేనేళ్ళలో భార్య నాగరత్నమ్మ మీద ఆయన గెలిచిన వాదన ఒక్కటీ లేదు.

అలాంటి మనిషి శ్రావణ మాసంలో ఒక మధ్యాహ్నం, ఆమెకు మాటమాత్రం చెప్పకుండా కుక్కపిల్లను ఇంటికి తెచ్చాడు. బొంబాయి నుంచి తానులు వచ్చే దేవదారు పెట్టెకు ఒకవైపు చెక్కలు ఊడదీసి, అందులో దాన్ని కూర్చోబెట్టి, పైన గుడ్డ కప్పి నడిమింట్లో దించాడు.

"ఏందది?" అంది నాగరత్నమ్మ వంటింట్లోంచి.

"కొత్త తానులే."

తానులు తుమ్మాయి.

"తానులు తుమ్ముతాయా?"

"ఇది కొత్త రకం," అన్నాడు పంపాపతయ్య. ఆ తర్వాత దాచడానికి ఇక ఏమీ మిగల్లేదు.

గుంతకల్లుకు బదిలీ అయిపోతున్న రైలు డ్రైవరు డిసిల్వా దొర ఇచ్చిన కుక్క అది. పేరు సార్జంటు. ఆకారం చూస్తే బిందెలో పట్టేంత. దొర ఇచ్చేటప్పుడు ఒకే మాట చెప్పాడు: పెట్టె దానికి ఇల్లు కావాలి, జైలు కాకూడదు. తలుపేసి బలవంతంగా కూర్చోబెడితే జన్మలో నేర్చుకోదు, లోపల పక్క మెత్తగా, దాని మనసుకు నచ్చినట్టు ఉంటే తనంతట తానే పోయి పడుకుంటుంది.

"మడి ఇల్లిది. కుక్క నడిమింట్లో తిరుగుతాంటే నేను వంట ఎట్ల చేసేది?" అంది నాగరత్నమ్మ.

"తిరగదే. పెట్టెలోనే ఉంటాది. నేను నేర్పిస్తా."

"మీరా! రూపనగుడి మిద్దె కారతాండాది, పోయి పైన చౌడుమట్టి పోపిచ్చి రాండి అని రెండు నెల్లనుంచి అంటాండా. మీకే నేర్పలేకపోతి. మీరు కుక్కకు నేర్పిస్తారు!"

రూపనగుడిలో వాళ్ళకు చేను, ఒక మట్టిమిద్దె ఉన్నాయి. దురుగప్ప అనే సేద్యగాడు చూసుకుంటాడు. పంపాపతయ్య ఆ పక్కకు పోడు. బూరుగుదూది పరుపు లేనిదే ఆయనకు కన్ను మూతపడదు. రూపనగుడిలో పరుపు లేదు.

నాగరత్నమ్మ కొంగు బిగించి తీర్పు చెప్పింది. "వచ్చే శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. సాయంత్రం ముత్తైదువలు వస్తారు. వాళ్ళు తాంబూలం తీసుకుని పొయ్యేదాంక ఈ నడిమింట్లో గలాటా కాకూడదు. గలాటా చేసినోళ్ళు మర్నాడు పొద్దున బస్సుకే రూపనగుడికి. సరేనా?"

"సరే! గలాటా చేసినోళ్ళు రూపనగుడికి!" అన్నాడు పంపాపతయ్య రొమ్ము విరుచుకుని.

అన్న మరుక్షణం గుర్తొచ్చింది. రూపనగుడి చేనికాడ దురుగప్ప సాకే కుక్కలు నాలుగున్నాయి. ఒక్కొక్కటి దూడంత. సార్జంటు వాటికి ఒక పూట ఫలహారం. పైగా దొర చేతికిచ్చిన ఈ నాలుగు గంటల్లోనే ఆయనకు దానిమీద ప్రాణం ఏర్పడిపోయింది. ఆ ఇంట్లో తను వస్తే లేచి నిలబడేది అదొక్కటే మరి.

చేతిలో ఎనిమిది రోజులున్నాయి.

మొదట గోనెసంచి మడిచి వేశాడు. సార్జంటు లోపలికి పోయి, వాసన చూసి, సంచిని నోట కరచుకుని బయటికి లాగి, గడపదాకా సాగనంపి వచ్చింది.

"గోనెకేం తక్కువరా? మా దురుగప్ప ముప్పై ఏండ్లుగా దానిమీదే పండుకుంటాండాడు. హాయిగా గురక పెడతాడు!" అని పంపాపతయ్య దానికి అరగంట ఉపన్యాసం ఇచ్చాడు. సార్జంటు శ్రద్ధగా విని, ఆయన చెప్పుల మీద పడుకుంది.

మర్నాడు సిరుగుప్ప బండివాళ్ళ దగ్గర వరిగడ్డి తెచ్చి వేశాడు. గడ్డితోపాటు ఎర్రచీమలు కూడా కాపురానికి వచ్చాయి. కుక్క తప్పించుకుంది, చీమలు కుట్టింది పంపాపతయ్యనే.

మూడోరోజు జిన్నింగు మిల్లు నుంచి పత్తి తెచ్చాడు. ఇది తప్పకుండా నచ్చుతుందనుకున్నాడు. నచ్చింది కూడా. అంగడి నుంచి భోజనానికి వచ్చేసరికి పత్తి పెట్టెలో తప్ప ఇల్లంతా ఉంది. పెరట్లో ఎండబెట్టిన అప్పడాల మీద కూడా ఉంది.

"చూడండి," అంది నాగరత్నమ్మ ఒక అప్పడం ఎత్తి చూపిస్తూ. "మీ సార్జంటు పుణ్యమా అని అప్పడాలకు మీసాలు మొలిచినాయి."

తర్వాత తన పాత పంచె వేశాడు, తన వాసనంటే దానికి ఇష్టమేమోనని. మధ్యాహ్నానికి అది పంచె కాదు, పన్నెండు గోచీలు. బొరుగులు పెట్టెలోకి విసిరితే తిని బయటికి వచ్చేసేది. ఎట్లా పడుకోవాలో తనే తల లోపల పెట్టి చూపించాడు. అదే సమయానికి పక్కింటి దుర్గక్క మజ్జిగకని వచ్చింది. ఆమెను బజారంతా రేడియో దుర్గక్క అనేది. మర్నాడు అంగడికి వచ్చిన ప్రతివాడూ "అయ్యా, పెట్టె సరిపోయిందా?" అని అడిగి పోయాడు.

ఆరోరోజు ఓపిక చచ్చి, దొర మాట పక్కన పెట్టి, పెట్టెకు చెక్క అడ్డం పెట్టేశాడు. అంతే, సార్జంటు ఎత్తుకున్న రాగానికి పై వీధి వాళ్ళు వచ్చి ఎవరికేమైందని పరామర్శించారు. నాగరత్నమ్మ గోడకు తగిలించిన ఊరి ప్రయాణపు సంచిని దులిపి, మళ్ళీ అక్కడే తగిలించింది. అది చూసి పంపాపతయ్యకు అన్నం సయించలేదు.

గురువారం మధ్యాహ్నం పెరట్లోకి పోయాడు. బావి పక్కన తీగ మీద నాగరత్నమ్మ ఉన్ని ధావళి ఆరేసి ఉంది. మడి కట్టుకుని వంట చేసేటప్పుడు ఆమె కట్టుకునేది. దాని కిందే సార్జంటు, ముక్కు పైకెత్తి, అరమోడ్పు కళ్ళతో పడుకుని ఉంది.

పంపాపతయ్య చెయ్యి ఎత్తబోయి ఆగాడు. మడిబట్ట ముట్టుకోవడమా! పెళ్ళయ్యాక ఇంతవరకు ఆ పని చేయలేదు. కానీ ఉన్నికి మైల అంటదని పెద్దలే చెప్పారు కదా? మనిషి మైలే అంటనప్పుడు కుక్క మైల ఎలా అంటుంది? ఒక్కపూట. దానికి పెట్టె అలవాటు కాగానే తెచ్చి ఇదే తీగ మీద వేసేస్తాడు.

చెయ్యి చాచాడు. అందింది. చంకలో పెట్టుకుని పిల్లిలా నడిచాడు.

పెట్టెలో పరిచాడో లేదో, సార్జంటు తనంతట తానే లోపలికి పోయింది. మూడుసార్లు గుండ్రంగా తిరిగి, ముడుచుకుని, ఉస్సురని పడుకుంది. పంపాపతయ్యకు కళ్ళు చెమర్చాయి. మళ్ళీ తీయబోతే అది కళ్ళు తెరిచి చూసిన చూపుకు ఆయనకు చెయ్యి రాలేదు.

శుక్రవారం సాయంత్రం. నడిమింట్లో జంఖానా మీద పదకొండు మంది ముత్తైదువలు. మూల పెట్టెకు దుప్పటి అడ్డంగా కట్టి, పంపాపతయ్య ద్వారబంధం దగ్గర నిలబడి నిమిషాలు లెక్కపెడుతున్నాడు. పాట అయింది. సార్జంటు కిక్కురుమనలేదు. ఇక హారతి, తాంబూలాలు అయిపోతే కుక్క తనదే.

దేవుడి గదిలోంచి నాగరత్నమ్మ పిలిచింది. "ఏమండీ! హారతికి నా ధావళి కావాల. తీగ మీద లేదే. చూసినారా?"

పంపాపతయ్య దుప్పటి వైపు చూశాడు. "చూ... చూడలేదే."

"యాడో పడింటాది. చూసి, చేత్తో ముట్టకుండా కట్టెతో తీసుకురాండి. బేగ. కర్పూరం కరిగిపోతాండాది."

ఇక దారి లేదు. దుప్పటి వెనక్కి దూరి, మోకాళ్ళ మీద వంగి, పెట్టెలోకి తల, ఆ తర్వాత భుజాలు పెట్టాడు. ధావళి కొస పట్టి మెల్లగా లాగాడు. సార్జంటు దానిమీద నుంచి కదల్లేదు, ఆయన ముక్కు నాకింది. ఇంకాస్త లాగాడు. కుక్క కూడా రెండో కొస పట్టి లాగింది, ఆట అనుకుని, చప్పుడు లేకుండా. చొక్కా ఏదో మేకుకు తగులుకుంది. ముందుకు పోలేడు, వెనక్కి రాలేడు. బయట హారతి పళ్ళెం గలగలమంది. చెమట కారుతోంది. అటు లాగి, ఇటు తన్నుకుంటే, కాలికి దుప్పటి తాడు తగిలింది.

దుప్పటి జారిపోయింది.

"దొంగ! దొంగ! పెట్టెలో కాళ్ళు!" అని రేడియో దుర్గక్క బళ్ళారి కోటకు వినపడేట్టు అరిచింది.

"నేనే! నేను, పంపాపతిని! చంపొద్దండి! నాగరత్నా!" అని పెట్టె పెడబొబ్బలు పెట్టింది.

కుంకుమ భరిణె దొర్లింది, శనగలు చెల్లాచెదరయ్యాయి. ముగ్గురు ముత్తైదువలు కాళ్ళు పట్టి లాగితే చొక్కా సగం పెట్టెలోనే వదిలి పంపాపతయ్య బయటపడ్డాడు. సార్జంటు మాత్రం ధావళిని లోపలికి లాక్కుని, మూడు చుట్లు తిరిగి, పడుకుంది.

తల ఎత్తి చూస్తే ఎదురుగా నాగరత్నమ్మ. ఒంటి మీద పట్టుచీర, చేతిలో హారతి.

"ధావళి... నీ మడిబట్ట..." అని నీళ్ళు నమిలాడు.

"మడిబట్టా? నా మడిబట్టలు యాడ ఆరేస్తాను?"

పంపాపతయ్య పైకి చూశాడు. కప్పు కింద, ఎవరి చెయ్యీ అందని ఎత్తులో దండెం. పదిహేనేళ్ళుగా కట్టెతో ఎత్తి ఆరేసేది అక్కడే. ధావళి దొరికింది ఆయన రొమ్ము ఎత్తున్న తీగ మీద.

"అది పురుగు తినేసిన పాతది. వచ్చిన రోజునుంచి మీ సార్జంటు నా ధావళి కిందనే పండుకుంటాండాది. ఇది పరచండి అని నేను చెప్తే మీరు యాడ ఇంటారు? దొంగతనమైతే శ్రద్ధగా చేస్తారని చేతికి అందేటట్ల ఏసినా."

ముత్తైదువలు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

"అంటే... సార్జంటు ఉంటాదా?" అన్నాడు పంపాపతయ్య ఆశగా.

"ఎందుకుండదు? గట్టిగా ఊపిరన్నా వదల్లా. గలాటా చేసింది ఎవురు దుర్గక్కా?"

దుర్గక్క వేలెత్తి చూపించింది.

"బస్సు ఏడున్నరకు," అంది నాగరత్నమ్మ హారతి కళ్ళకద్దుకుంటూ. "చౌడు మందంగా పోపిచ్చండి. ఆరేదాంక ఆడనే ఉండి చూసి రాండి. మూడు దినాలు పడతాది."

శనివారం పొద్దున సంచి పట్టుకుని బయల్దేరుతుంటే సార్జంటు పెట్టెలోంచి తోక ఊపింది, లేవలేదు. నాగరత్నమ్మ వంటింటి గడపలో అడుగు పెట్టగానే మాత్రం లేచి నిలబడింది.

రూపనగుడిలో మధ్యాహ్నం దాకా మిద్దె మీద ఎండలో నిలబడి చౌడు పోయించాడు. జొన్నరొట్టె తిన్నాక దురుగప్ప వసారాలో ఒక గోనెసంచి దులిపి పరిచాడు.

"స్వల్పసేపు పండుకోండప్పా."

పంపాపతయ్య గోనెను ఒక కొస పట్టి లేపి చూశాడు. గడప వైపు చూశాడు.

"ఏందప్పా, గోనెకేమన్నా తక్కువా?" అన్నాడు దురుగప్ప నొచ్చుకుని. "ముప్పై ఏండ్లుగా నేను దీనిమీదే పండుకుంటాండా."

పంపాపతయ్య గోనె మీదికి ఎక్కి, అటూ ఇటూ మూడుసార్లు తిరిగి, ముడుచుకుని పడుకున్నాడు.